నిండింది గదులా, గల్లాపెట్టా? నగర హోటళ్లపై పాఠకుల ప్రశ్నలు

2020 మార్చి 25న లాక్‌డౌన్‌తో మూతపడ్డ హోటళ్లకు ఆ ఏడాది జూన్ 8 నుంచి తెరుచుకునే అనుమతి దొరికింది. ఆ తర్వాత రెండేళ్లు పడుతూ లేస్తూ సాగిన వ్యాపారం 2022లో నిలదొక్కుకుంది. ఇప్పుడు రాబడి అంకెలు 2019ని దాటిపోయాయి. అయినా ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే బాధ: గదులు నిండుతున్నా డబ్బు నిలవడం లేదు. దేశమంతటి లెక్క చూసినా ఆక్యుపెన్సీ, అంటే నిండిన గదుల శాతం, 2019 దరిదాపుల్లోనే ఆగింది, దాన్ని దాటి పెరిగింది గది అద్దె. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే కింది జవాబులు తేలిగ్గా అర్థమవుతాయి.

ప్రశ్న: మాది కొండాపూర్‌లో 60 గదుల హోటల్. 2019లో ఆక్యుపెన్సీ 70 శాతం, సగటు అద్దె రూ.2,600. ఇప్పుడు 72 శాతం, రూ.3,400. అప్పట్లో ఆన్‌లైన్ సైట్ల నుంచి వచ్చే వ్యాపారం 20 శాతం, కమీషన్ 18 శాతం. ఇప్పుడు వ్యాపారం 55 శాతం, కమీషన్ 22 శాతం. రాబడి పెరిగినా చేతిలో ఏమీ ఉండటం లేదు. ఎందుకు?

మీరిచ్చిన అంకెల్లోనే జవాబుంది. ఆక్యుపెన్సీని సగటు అద్దెతో గుణిస్తే, నిండినా ఖాళీగా ఉన్నా ఒక్కో గదికి రోజుకు వచ్చే రాబడి తెలుస్తుంది. హోటల్ లెక్కల్లో దీన్నే రెవ్‌పార్ అంటారు. 2019లో అది రూ.1,820, ఇప్పుడు రూ.2,448. పైకి 34 శాతం పెరిగింది.

ఇందులోంచి కమీషన్ తీసేయండి. 2019లో గదికి రోజుకు పోయింది 66 రూపాయలే, మిగిలింది రూ.1,754. ఇప్పుడు కమీషన్ కిందే 296 రూపాయలు పోతోంది. దానిమీద 18 శాతం జీఎస్టీ మరో 53. ఇదివరకు ఈ పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి తీసుకునేవారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి రూ.7,500 లోపు గదులకు ఆ వెసులుబాటు లేదు కాబట్టి అది మీ ఖర్చే. చివరికి మిగిలేది రూ.2,099, అంటే పెరుగుదల 20 శాతానికి దిగింది. 2019-20తో పోలిస్తే 2024-25 నాటికి దేశంలో వినియోగ ధరల సూచీ దాదాపు 30 శాతం పెరిగింది. జీతాలూ కరెంటూ కూరగాయలూ కూడా అలాగే పెరిగాయనుకుంటే, పాత స్థితిలో ఉండటానికే మీకు గదికి రూ.2,280 మిగలాలి. రోజుకు 181 రూపాయల లోటు. 60 గదులకు ఏడాదికి దాదాపు 40 లక్షలు. మీ చేతిలో ఉండని డబ్బు ఇదే.

కాబట్టి ముందుగా మారాల్సింది మీ రోజువారీ రిపోర్టు. ఏ దారిన ఎన్ని గదులు అమ్ముడయ్యాయన్నది ఒక్కటే రాస్తే చాలదు, ప్రతి దారిలో కమీషన్ పోను ఎంత మిగిలిందో పక్కన మరో గడి పెట్టించండి. అందులో వారాలవారీ తేడా చూడండి. హైటెక్ సిటీ చుట్టుపక్కల మంగళ, బుధవారాలు కంపెనీల మనుషులతో ఎలాగూ నిండుతాయి, శుక్రవారం నుంచి ఆదివారం వరకే ఖాళీ. అయినా చాలా హోటళ్లు వారమంతా ఆన్‌లైన్‌లో గదులన్నీ తెరిచి ఉంచుతాయి. నిండే రాత్రుల్లో ఆన్‌లైన్ కోటాను పది గదులకు కుదించి, ఖాళీ రాత్రుల్లో మొత్తం తెరవండి. మళ్లీ వచ్చే అతిథికి అద్దె తగ్గించకండి. సైట్లతో చేసుకున్న ఒప్పందంలో అన్నిచోట్లా ఒకే అద్దె ఉండాలన్న సమాన ధర షరతు ఉంటే చిక్కొస్తుంది. బదులుగా నేరుగా బుక్ చేసుకున్నవారికి టిఫిన్, మధ్యాహ్నం 2 గంటల దాకా చెకౌట్ ఇవ్వండి. ఆన్‌లైన్ వాటా 55 నుంచి 40 శాతానికి దిగితే గదికి రోజుకు 95 రూపాయలు, ఏడాదికి దాదాపు 21 లక్షలు వెనక్కి వస్తాయి. లోటులో సగం అక్కడే తీరుతుంది.

మిగతా సగం కంపెనీ ఒప్పందాల్లో ఉంది. 2021లో ఎవరు వస్తే చాలన్నట్టు ఇచ్చిన స్థిర ధరలను కొన్ని హోటళ్లు ఏటా అయిదు, ఆరు శాతం పెంచుకుంటూ ఇంకా మోస్తున్నాయి. ఈ ఒప్పందాలు సాధారణంగా అక్టోబర్, డిసెంబర్ మధ్య కుదురుతాయి. వచ్చే విడతలో స్థిర ధర మానేసి, ఆ రోజు ధరపై 12 లేదా 15 శాతం తగ్గింపు అన్న పద్ధతికి మారండి. ఆఖరి గది వరకూ ఇదే ధరకు ఇవ్వాలన్న షరతుంటే దాన్ని తీయించండి. అది వదలని కంపెనీ నుంచి ఏడాదికి కనీసం ఇన్ని రాత్రులన్న హామీ రాయించుకోండి.

ఇంకొక్క మాట. సైట్లు జీఎస్టీ కింద పట్టుకునే 0.5 శాతం టీసీఎస్, ఆదాయపు పన్ను కింద పట్టుకునే 0.1 శాతం టీడీఎస్ ఖర్చు కాదు, మీ పేరున ముందే కట్టిన పన్ను. జీఎస్టీ క్యాష్ లెడ్జర్‌లోకీ, ఆదాయపు పన్ను ఖాతాలోకీ చేరాయో లేదో నెలనెలా సరిచూసుకోండి.

ప్రశ్న: విజయవాడలో మా గది అద్దె రూ.7,200. డిమాండ్ బాగుంది, రూ.7,800 చేద్దామనుకుంటున్నాం. జీఎస్టీ పరంగా ఏమైనా తేడానా?

పెద్ద తేడా. రూ.7,500 వరకు 5 శాతం, దాటితే 18 శాతం. రూ.7,500 గదికి అతిథి కట్టేది రూ.7,875. మీరు 7,600 చేస్తే అతను కట్టాల్సింది రూ.8,968. మీకొచ్చేది వంద, అతనికి పడేది 1,093. రూ.7,800 అయితే బిల్లు రూ.9,204. ఈ దూకుడు తట్టుకునే అతిథి మీ ఊళ్లో వారంలో ఎన్ని రాత్రులు దొరుకుతాడో లెక్క వేసుకోండి. దాటదలిస్తే బాగా దాటండి, 8,500 దగ్గర ఆగండి. 7,500కీ 8,500కీ మధ్య అమ్మడం ఎవరికీ లాభం కాదు. 18 శాతం శ్లాబులో ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుందన్నది నిజమే గానీ, ఆ ఒక్క లాభం కోసం అద్దె పెంచడం సరికాదు.

అసలు ప్రమాదం గదిలో లేదు, రెస్టారెంట్‌లో ఉంది. 2025 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన నిబంధన ప్రకారం, ఒక ఆర్థిక సంవత్సరంలో ఏ ఒక్క గదినైనా రోజుకు రూ.7,500 దాటి అమ్మితే, ఆ తర్వాతి ఆర్థిక సంవత్సరమంతా ఆ ప్రాంగణంలోని రెస్టారెంట్‌పైనా క్యాటరింగ్‌పైనా 5 శాతం బదులు 18 శాతం పన్ను పడుతుంది. బోర్డు మీద రాసిన ధర కాదు, బిల్లులో వేసిన ధరే లెక్క. డిసెంబర్ 31 రాత్రి ఒక సూట్‌ను రూ.7,900కు ఇచ్చారంటే, వచ్చే ఏడాది మీ ఇడ్లీ ప్లేటు మీద కూడా 18 శాతమే. అందుకని బుకింగ్ సాఫ్ట్‌వేర్‌లో రూ.7,500 గరిష్ఠ పరిమితి పెట్టించి, దాన్ని తీసే అధికారం మేనేజర్ ఒక్కరికే ఉంచండి. టిఫిన్ కలిపిన ప్యాకేజీలు, అదనపు మంచం ఆ గీత దాటిస్తాయేమో అన్న సంగతి ముందే మీ ఆడిటర్‌తో తేల్చుకోండి. ఎలాగూ దాటుతామని తెలిసినవారు తమంతట తామే 18 శాతంలోకి వెళ్తామని ముందటి ఆర్థిక సంవత్సరం జనవరి 1, మార్చి 31 మధ్య డిక్లరేషన్ ఇచ్చుకోవచ్చు.

ప్రశ్న: ఎల్బీనగర్‌లో 40 గదులు, 500 మంది పట్టే బాంక్వెట్ హాలు ఉన్నాయి. 2024 మే కంటే 2025 మేలో హాలు రాబడి మూడు రెట్లయింది. కోవిడ్ తర్వాతి ఊపు ఇంకా పెరుగుతోందని ఇంకో హాలు కట్టాలనుకుంటున్నాం. మీ సలహా?

ఈ అంకె చూసి కట్టకండి. 2024 ఏప్రిల్ ఆఖరు నుంచి జులై మొదటి వారం దాకా శుక్ర మౌఢ్యమి. అందులోనే మేలో గురు మౌఢ్యమి కూడా వచ్చింది. అసలు ముహూర్తాలే లేని నెలతో ముహూర్తాలున్న నెలను పోల్చారు. మూడు రెట్లు కనిపించింది అందుకే. తెలుగునాట హోటల్‌కు గత ఏడాది ఇదే నెలతో పోల్చే పద్ధతి పనికిరాదు. పెద్ద బ్రాండ్ల ప్రాంతీయ కార్యాలయాలు కూడా ఇక్కడే తప్పటడుగు వేస్తుంటాయి. ఢిల్లీ, ముంబై పెళ్లిళ్ల క్యాలెండర్‌తో హైదరాబాద్ టార్గెట్లు వేస్తారు, ఆషాఢంలో సేల్స్ వాళ్లను నిలదీస్తారు.

పంచాంగం ముందేసుకుని లెక్క ఇలా కట్టండి. 2023లో అధిక శ్రావణం జులై 18 నుంచి ఆగస్టు 16 వరకు ఒక నెల తినేసింది. 2025 నవంబర్ ఆఖరి వారం నుంచి 2026 ఫిబ్రవరి మూడో వారం దాకా శుక్ర మౌఢ్యమి. అంటే ఏటా బాగా నడిచే మాఘమాసం లగ్గాలు మొత్తం పోయినట్టే. 2026లో మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం, వేసవి సెలవుల పెళ్లిళ్లలో సగం దాని కిందికి వస్తాయి. అదే ఏడాది గురు మౌఢ్యమి మాత్రం దాదాపు ఆషాఢంతో కలిసిపోతుంది కాబట్టి దానివల్ల కొత్తగా పోయేదేమీ లేదు. ఇలా గత అయిదేళ్లకూ ఏడాదికెన్ని ముహూర్తపు రోజులొచ్చాయో లెక్కపెట్టి, హాలు రాబడిని ఆ రోజులతో భాగించండి. ముహూర్తపు రోజుకు వచ్చే రాబడి ఏటేటా పెరుగుతుంటే మీ వ్యాపారం నిజంగా పెరిగినట్టు. అది నిలకడగా ఉండి మొత్తం మాత్రమే ఊగుతుంటే, కొత్త హాలు కూడా పాత హాలు నిండిన రోజే నిండుతుంది, పాతది ఖాళీగా ఉన్న రోజే ఖాళీగా ఉంటుంది.

ఇంకో రకం చిట్టా కూడా రాయండి: హాలు నిండి వెనక్కి పంపిన విచారణలు ఏడాదికెన్ని? వాటిలో 200 మంది లోపు ఫంక్షన్లు ఎన్ని? ఓణీల వేడుక, షష్టిపూర్తి, కంపెనీ సమావేశం వంటివి ముహూర్తం లేని రోజుల్లోనూ వస్తాయి. అవి ఎక్కువగా ఉంటే కొత్త హాలు కన్నా, ఉన్న హాలును రెండుగా విడదీసే శబ్దం దాటని జరుపుడు గోడ మంచిది. గోడ పెట్టే ముందు రెండు వైపులకూ వేరువేరు ద్వారం, వేరు ఏసీ నియంత్రణ, వంటగది నుంచి వేరు దారి కుదురుతాయో చూసుకోండి. ఈ మూడింట్లో ఒక్కటి కుదరకపోయినా ఆ గోడ ఏడాదంతా మడిచే ఉంటుంది.

అడ్వాన్స్ షరతులు కూడా తిరగరాయండి. 2020 వేసవిలో రద్దయిన పెళ్లిళ్ల అడ్వాన్సుల మీద చాలాచోట్ల గొడవలైంది రాతలో ఏమీ లేకపోవడం వల్లే. బుకింగ్ రోజున 25 శాతం, నెల ముందు ఇంకో 50, మూడు రోజుల ముందు మిగతాది. 45 రోజుల ముందు చెబితే ఒకసారి తేదీ మార్పు ఉచితం. ప్రభుత్వ ఆంక్షలతో ఆగిపోతే ఏడాదిలోపు ఇంకో తేదీ, లేదా కొనేసిన సరుకుల ఖర్చు పోను వాపసు. హామీ ఇచ్చిన ప్లేట్లలో 10 శాతం దాకా తగ్గుదల ఒప్పుకోవచ్చు, అంతకన్నా వద్దు.

ప్రశ్న: తిరుపతిలో 24 గదుల లాడ్జి. ముందుగా డిమాండ్ తెలుసుకునే దారి ఉందా?

ఇంకే నగరంలోనూ లేనంత ఉంది. రూ.300 ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ల కోటాను టీటీడీ సుమారు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో విడుదల చేస్తుంది. విడుదలైన రోజే ఆ నెలకు మీ వారాంతాల ధర నిర్ణయించి తెరవండి. టికెట్ దొరికినవారు మొదట వెతికేది కొండమీద గది, అది దొరక్కపోతే కింద. మీ లాడ్జి అతిథి ఒక్క రాత్రే ఉంటాడు, తెల్లవారుజామున వెళ్తాడు లేదా అర్ధరాత్రి వస్తాడు. కాబట్టి 24 గంటల చెకౌట్ పెట్టినవారికే గదులు ముందు పోతాయి. ఒక్కరాత్రి బసలతో దుప్పట్లు రోజూ మారాలి, గదికి మూడు జతల లినెన్ తప్పనిసరి: ఒకటి మంచం మీద, ఒకటి ఉతుకులో, ఒకటి బీరువాలో.

ప్రశ్న: కోకాపేట వైపు స్థలం మాదే. గదికి 70 లక్షల ఖర్చుతో 100 గదుల బ్రాండెడ్ హోటల్ కట్టాలని ఆలోచన. బ్యాంకు 60 శాతం అప్పిస్తానంటోంది. సగటు అద్దె రూ.5,500 వస్తుందని కన్సల్టెంట్ చెప్పారు. వచ్చే అయిదేళ్లు హైదరాబాద్ మార్కెట్ ఇలాగే ఉంటుందా?

ఇప్పటి అద్దెలు ఎందుకు పెరిగాయో ముందు చూడాలి. 2020, 2021లో కొత్త ప్రాజెక్టులు ఆగిపోయాయి. హోటల్ కట్టడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. అందుకే డిమాండ్ తిరిగొచ్చిన 2022, 2024 మధ్య కొత్త గదులు తక్కువ. శంషాబాద్ విమానాశ్రయంలో 2023-24లో ప్రయాణికులు రెండున్నర కోట్లు దాటారు, విదేశీ కంపెనీల సొంత కార్యాలయాలు వందల్లో వచ్చాయి. మనుషులు పెరిగారు, గదులు పెరగలేదు. ఆ లాభాలు చూసి 2023 తర్వాత మొదలుపెట్టినవన్నీ 2027, 2028ల్లో ఒకేసారి తెరుచుకుంటాయి. మీరు తెరిచేదీ వాటి వెంటే.

ఇప్పుడు మీ లెక్క. 70 కోట్లలో అప్పు 42 కోట్లు. 10 శాతం వడ్డీ, 12 ఏళ్ల గడువు అనుకుంటే ఏడాదికి కట్టాల్సింది 6.16 కోట్లు. స్థిరపడ్డాక 70 శాతం ఆక్యుపెన్సీ, రూ.5,500 అద్దెతో గదుల రాబడి 14.05 కోట్లు. తిండి, హాళ్ల మీద ఇంకో 5 కోట్లు వేసుకుంటే 19 కోట్లు. నిర్వహణ లాభం 35 శాతమంటే 6.67 కోట్లు. అందులోంచి బ్రాండ్ ఫీజు, ఫర్నిచర్, పరికరాల మార్పిడి నిధి, పన్నులు, బీమా కలిపి రాబడిలో 10 శాతం తీస్తే మిగిలేది 4.76 కోట్లు. ఏటా 1.4 కోట్ల లోటు. ఇది కూడా స్థిరపడ్డాక. కొత్త హోటల్ మొదటి ఏడాది 45, 50 శాతం దగ్గరే ఉంటుంది, స్థిరపడటానికి మూడేళ్లు పడుతుంది.

గదికి అయిన ఖర్చులో వెయ్యో వంతైనా సగటు అద్దె రావాలన్నది ఈ వ్యాపారంలో పాత కొలత. మీకది రూ.7,000. ఆ అద్దె, 38 శాతం నిర్వహణ లాభం వేసి చూసినా అప్పు కట్టడానికి బొటాబొటిగా సరిపోతుంది. బ్యాంకులు అడిగే 1.25 నిష్పత్తి, అంటే కట్టాల్సిన వాయిదాకు 1.25 రెట్ల మిగులు, రాదు. 2023 ఆగస్టు వేలంలో కోకాపేట నియోపోలిస్‌లో ఎకరం 100 కోట్లు దాటింది. మీ స్థలం విలువను ఈ లెక్కలో అసలు వేయనే లేదు.

మా అభిప్రాయం సూటిగా చెబుతాం: ఈ రూపంలో వద్దు. గది ఖర్చును 50 లక్షలకు దించండి. రెండు రెస్టారెంట్లకు బదులు ఒకటి పెట్టండి, పెద్ద హాలు మానేయండి, గది వైశాల్యం తగ్గించండి. అప్పును 45 శాతానికి పరిమితం చేయండి. లేదంటే ఆఫీసు కట్టి పై అంతస్తుల్లో నెలల తరబడి ఉండేవారి కోసం 60 స్టూడియో గదులు పెట్టండి. కన్సల్టెంట్ రిపోర్టులో ఒక్క ప్రశ్నకు జవాబు వెతకండి: మీ చుట్టూ 5 కిలోమీటర్లలో అనుమతులు పొంది పునాది తీసిన హోటళ్లు ఎన్ని, వాటి గదులెన్ని? అది లేకపోతే డబ్బు కట్టి మళ్లీ రాయించుకోండి.

ప్రశ్న: విశాఖలో 50 గదుల హోటల్. సదస్సుల రోజుల్లో మూడు రెట్ల ధరకు నిండుతుంది, మిగతా ఏడాది సగం ఖాళీ. ఇదీ కోలుకోవడమేనా?

2023 మార్చిలో పెట్టుబడిదారుల సదస్సు, అదే నెలాఖరున జీ20 సమావేశం, 2025లో జూన్ 21న యోగా దినోత్సవం, నవంబర్‌లో సీఐఐ భాగస్వామ్య సదస్సు జరిగాయి. ఊరికి పేరొచ్చింది. హోటల్‌కు ఎంతొచ్చిందో చూడండి. ఏడాదికి 12 రోజులు రూ.9,000కు పూర్తిగా, మిగతా 353 రోజులు రూ.3,000కు సగం నిండితే రెవ్‌పార్ రూ.1,747. ఆ 12 రోజులు లేకపోయినా 1,500 ఉండేది. తేడా 16 శాతమే. పైగా రూ.9,000 అమ్మారంటే పైన చెప్పిన రెస్టారెంట్ పన్ను చిక్కు మీకు తగిలినట్టే. మిగతా రోజుల ఆక్యుపెన్సీని 50 నుంచి 60కి తెస్తే గదికి రోజుకు 290 రూపాయలు పెరుగుతాయి, అది సదస్సుల మొత్తం లాభం కన్నా ఎక్కువ. పరవాడ ఫార్మా సిటీ ఆడిట్లకు వచ్చేవారు, ఓడరేవు, నౌకాదళ పనుల కాంట్రాక్టర్లు, ఆసుపత్రులకు వచ్చే ఒడిశా కుటుంబాలు మీ అసలు మార్కెట్. వారికి 15 రాత్రులు దాటితే వేరే ధర, బట్టలుతుకు, సాదా భోజనం కలిపి ఇవ్వండి.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం. శాన్‌ఫ్రాన్సిస్కోలో హోటల్ వాటా చవకగా వస్తోందని మిత్రులు కలిసి కొందామంటున్నారు. అన్ని నగరాలూ కోలుకున్నాయిగా, ఇదీ కోలుకోదా?

అన్ని నగరాలూ ఒకలా కోలుకోలేదు. 2023 జూన్‌లో పార్క్ హోటల్స్ అండ్ రిసార్ట్స్ సంస్థ శాన్‌ఫ్రాన్సిస్కోలో రెండు పెద్ద హిల్టన్ హోటళ్ల మీదున్న 72.5 కోట్ల డాలర్ల అప్పుకు చెల్లింపులు ఆపేసింది. ఆ ఊరి హోటళ్లు టెక్ కంపెనీల ప్రయాణాలు, సమావేశాలు, ఆసియా నుంచి వచ్చే పర్యాటకుల మీద బతికేవి. ఆ మూడూ ఒకేసారి తగ్గాయి. న్యూయార్క్‌లో అందుకు ఎదురైంది జరిగింది. 2021 డిసెంబర్‌లో కొత్త హోటళ్లకు నగరమంతా ప్రత్యేక అనుమతి తప్పనిసరి చేశారు, 2023 సెప్టెంబర్ 5 నుంచి స్వల్పకాలిక ఇళ్ల అద్దెల మీద కఠిన నిబంధన అమలైంది, కొన్ని హోటళ్లు వలస వచ్చినవారి ఆశ్రయాలుగా మారాయి. గదులు తగ్గి అద్దెలు పెరిగాయి.

చవకదనం చూసి సంతకం చేయకండి. గత 12 నెలల నెలవారీ ఆదాయ పట్టిక, పక్క హోటళ్లతో పోల్చిన ఎస్‌టీఆర్ రిపోర్టు అడగండి. బ్రాండ్ కోరే మరమ్మతుల జాబితా తప్పక చూడండి. కోవిడ్ కాలంలో వాయిదా వేసిన ఆ పనులన్నీ యజమాని మారగానే మీద పడతాయి, గదికి వేల డాలర్లలో ఉంటాయి. అప్పు గడువు ఏ ఏడాదిలో తీరుతుంది, వడ్డీ స్థిరమా, మారుతూ ఉండేదా, అదనపు పెట్టుబడి పిలుపు వస్తే మీ వాటా ఏమవుతుంది అన్న మూడింటికీ రాతపూర్వక జవాబు లేకుండా ఒక్క డాలరు కూడా పంపకండి.

ప్రశ్న: 2021లో అత్యవసర రుణ హామీ పథకం కింద అప్పు తీసుకున్నాం. వాయిదాలు ముగింపుకొస్తున్నాయి. తర్వాత ఆ డబ్బుతో ఏం చేయడం మంచిది?

హోటళ్లకు ఇచ్చిన మూడో విడత రుణానికి రెండేళ్ల మారటోరియం కలిపి ఆరేళ్ల గడువు. మీదీ ఆ విడతదే అయితే 2027లో తీరుతుంది. ఆ వాయిదా డబ్బు గదులకే పెట్టండి. పరుపు ఏడెనిమిదేళ్లకు, కార్పెట్, కర్టెన్లు అయిదారేళ్లకు మార్చాలి. 2020లో మార్చాల్సినవి ఇంకా నడిపిస్తున్న హోటళ్లు ఎన్నో. ఆన్‌లైన్ సమీక్షల్లో మొదట పడే దెబ్బ స్నానాలగది, పరుపు, వైఫై మీదే. అంతస్తు తర్వాత అంతస్తు చొప్పున, మీ ఊళ్లో ముహూర్తాలూ సదస్సులూ లేని నెలల్లో మూసి చేయించండి.

ప్రశ్న: హౌస్‌కీపింగ్‌కు మనుషులు దొరకడం లేదు. 2020లో వెళ్లినవారు తిరిగి రాలేదు. ఏం చేయాలి?

వాళ్లు తిరిగి రారు, ఆ ఏడాది జీతం ఆగిన తీరు మరిచిపోలేదు. ఒక మనిషి ఎనిమిది గంటల్లో 14 గదులు బాగా చేయగలడు. మనుషుల కొరతతో 20 గదులు చేయిస్తే మంచం కిందా, షవర్ మూలల్లోనూ పని మిగులుతుంది, ఆ మనిషి మూడు నెలల్లో మానేస్తాడు. బస చేసే అతిథిని దుప్పట్లు రోజూ మార్చాలా అని అడిగే పద్ధతి కోవిడ్ తర్వాత అలవాటైంది, దాన్ని కొనసాగించండి. సిబ్బంది మీద పడే పని నిజంగా తగ్గుతుంది. పీఎఫ్, ఈఎస్‌ఐ, వారానికి ఒక పూర్తి సెలవు, నెల మొదటి వారంలో జీతం ఇవి తప్పనిసరి. ఒడిశా, ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చేవారికి మంచి వసతి మీరే చూపండి, నేలమాళిగలో కాదు. హైదరాబాద్‌లో అయితే విద్యానగర్ ఐహెచ్‌ఎం, గచ్చిబౌలి నిథిమ్ వంటి హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీల విద్యార్థులను శిక్షణకు తీసుకోవచ్చు. వారిని ఖాళీల భర్తీకి వాడుకోకుండా పని నేర్పి, స్టైపెండ్ సమయానికి ఇస్తే చదువు ముగిశాక కొందరైనా మీ దగ్గరే చేరతారు.